మా ఆయన ఆటలో నా రాక్షసులు

మా ఆయన రాక్షసులందరూ ఒకే రకంగా నవ్వేవాళ్లు. గొంతు బాగా దించి, ఊపిరి లాగి, గోడలు అదిరేలా నవ్వేవాళ్లు. నవ్వయ్యాక అందరూ ఒకే మాట చెప్పేవాళ్లు, లోకమంతా తమ కాళ్ల కింద పడి ఉండాలని. వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ నవ్వు వినేదాన్ని.

ఎనభైల మధ్యలో సంగతి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు, పెళ్లయి రెండో ఏడు నడుస్తోంది. కిషన్‌బాగ్‌లో ఒక గల్లీ చివర రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. ఆయన ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో. మా నాన్న కరెంటాఫీసులో లైన్‌మన్. అమ్మ, నాయనమ్మ, అక్కలు, తమ్ముళ్లు అందరం ఒకే ఇంట్లో ఒకరి మీద ఒకరం పడి పెరిగాం. ఆ ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవారు. ఎవరూ మాట్లాడకపోతే నాయనమ్మ నిద్రలో మాట్లాడేది. అంత లొల్లి నుంచి వచ్చి నేను ఈ రెండు గదుల్లో పడ్డాను. మలక్‌పేట దూరమేమీ కాదు, రెండు బస్సులు మారితే చాలు. కానీ మాటిమాటికీ పుట్టింటికొస్తే నలుగురూ ఏమనుకుంటారని అమ్మ అనేది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. తాగడు, చెయ్యెత్తడు, వండింది వంక పెట్టకుండా తింటాడు. మాట్లాడడు, అంతే. ఫస్ట్ షిఫ్టుకు తెల్లారకముందే పోయి, సాయంత్రం సైకిల్ లోపల పెట్టి, కాళ్లు కడుక్కుని, రేడియో దగ్గర కూర్చుంటాడు. కూర ఎట్లుందంటే తల ఊపుతాడు. మొదట్లో నామీద కోపమేమో అనుకున్నాను. మా అత్తగారొచ్చినప్పుడు అడిగితే, "వాడు సంటిపోరడప్పుడు గూడ ఏడ్వలేదు బిడ్డా, గట్లనే జూసేటోడు" అంది. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు తగ్గుతుంది. ఇది ఆయన స్వభావం, దీనికి ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఆ ఆట మా ఇంటికి తెచ్చింది ఆయన స్నేహితుడు. అతను ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్. ఫ్యాక్టరీవాళ్లే అతన్ని ట్రైనింగ్ కోసం కొన్నాళ్లు విదేశం పంపారు. అక్కడికి పోయినవాళ్లు టేప్ రికార్డర్లు, నైలాన్ చీరలు తెచ్చుకునేవాళ్లు. ఇతను ఒక అట్టపెట్టె తెచ్చుకున్నాడు. అందులో పలచటి పుస్తకం ఒకటి, వింత పాచికలు కొన్ని. నాలుగు ముఖాలది ఒకటి, ఎనిమిది ముఖాలది ఒకటి, చిన్న రేగుపండులాగా ఇరవై ముఖాలది ఒకటి. పలక లేదు, కాయలు లేవు. ఆటంతా మాటలే. ఒకడు కథ చెబుతాడు, ఇదిగో అడవి, ఇదిగో కోట, ఎదురుగా ఫలానావాడు నిలబడ్డాడు అని. మిగిలినవాళ్లు తలా ఒక వేషం అనుకుని, నేనిట్లా చేస్తానంటే నేనిట్లా చేస్తాననాలి. అనుకున్నది అయిందో లేదో పాచిక చెబుతుంది. కథ చెప్పేవాడే దారిలో ఎదురయ్యే దుర్మార్గులందరి తరఫునా మాట్లాడాలి.

ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే ఓపిక ఒక్క మా ఆయనకే ఉంది. అందుకని కథ చెప్పే పని ఆయన మీద పడింది. ఆడేవాళ్లు ముగ్గురు. డ్రాఫ్ట్స్‌మన్ కత్తివీరుడు. మా పక్క గల్లీలో ఉండే టర్నరు మంత్రగాడు. అందరూ అతన్ని భాయ్ అనేవాళ్లు, నన్ను అతను భాభీ అనేవాడు. మూడో అతను స్టోర్స్‌లో క్లర్కు. ఆటలో దొంగ వేషం వేసేవాడు, వచ్చేటప్పుడు వేడి వేడి మిర్చీ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చేవాడు.

మొదటి ఆదివారం నేను చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను. లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

"అడివి షురువైంది. చెట్లెట్లున్నయంటే, ఒకని భుజం మీద ఒకడు చెయ్యేసుకొని నిలవడ్డట్టున్నయ్. గాలి లేదు. కానీ ఆకులు కదుల్తున్నయ్. ఎందుకు కదుల్తున్నయో మీకెర్కలే."

అది మా ఆయన గొంతు. పెళ్లయిన ఇన్ని నెలల్లో ఆ గొంతు నేను వినలేదు. మెత్తగా, తొందర లేకుండా, ఎదుటివాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు ఉంది. చాయ్ చల్లారిపోయే దాకా అక్కడే నిలబడ్డాను. సాయంత్రం స్నేహితులు పోయారు. చాప మడిచి గోడకు ఆనించినట్టు ఆ గొంతును కూడా ఎక్కడో మడిచి పెట్టేశాడు. "అన్నం తింటరా?" అన్నాను. తల ఊపాడు.

కొన్ని వారాలు బాగానే సాగింది. ఒకసారి ఇరవై ముఖాల పాచిక దొర్లుకుంటూ పోయి మోరీ కాలువలో పడింది. భాయ్ ఫ్యాక్టరీలో లేతు మీద ఇత్తడితో ఇంకోటి చేసుకొచ్చాడు. ఎట్లా వేసినా అది ఒకే వైపు పడేది. చివరికి హౌసీ ఆట బిళ్లలు ఇరవై సంచిలో వేసి తీయడం మొదలుపెట్టారు. ఆ నవ్వులు విని గోడ ఇవతల నేను కూడా నవ్వుకునేదాన్ని.

తర్వాత ఆట చప్పబడింది. ఒక ఆదివారం మా ఆయన రాక్షసుడు చెరువు గట్టు మీద నిలబడి ఎప్పటిలాగే నవ్వాడు. భాయ్ చెయ్యెత్తి ఆపాడు.

"అరే భాయ్, వీనికి గూడ దునియా మొత్తం కావాల్నా? పోయినారం సచ్చినోనికి గదే గావాలె, అంతకుముందోనికి గదే గావాలె. దునియా తీస్కొని ఏం జేస్తడు? పొద్దుగాల లేచి ఊడుస్తడా?"

అందరూ పడీపడీ నవ్వారు. "నిజమే అన్నా, మస్తు బోర్ గొడ్తుంది," అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. "వాడు నవ్వుడు, మనం సంపుడు. గంతేనాయె."

మా ఆయన కూడా నవ్వాడు. కానీ ఆ సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు, పేజీ తిప్పలేదు. కంచం పెట్టి పక్కన కూర్చున్నాను. ఎందుకడిగానో తెలీదు, అడిగాను.

"ఆ రాక్షసునికి ఇల్లుందా?"

"ఏంది?"

"ఇల్లు. అవ్వ, అయ్య. చెరువెందుకు గుంజుకున్నడు?"

"రాక్షసుడు గదా."

"రాక్షసుడైతే? మన గల్లీల కొట్లాడేటోళ్లు ఉత్తగనే కొట్లాడ్తరా? ఒక్కొక్కలకు ఒక్కొక్కటి ఉంటది లోపల."

ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి నన్ను చూశాడు. "నువ్వైతే ఏం జేస్తవు?"

అట్లాంటి ప్రశ్న ఆయన నన్ను అడగడం అదే మొదలు. రేపు చెప్తా అన్నాను.

మర్నాడు కిరసనాయిలు కోసం పోతూ గల్లీ మలుపులో పాత దేవిడీ ముందు ఆగాను. ఒకప్పుడు ఎవరో పెద్దవాళ్ల మేడ. ఒక పక్క కూలిపోయింది, లోపల మేకలు మేస్తున్నాయి. వారసులు ఎక్కడెక్కడికో పోయారు. అయినా గేటు దగ్గర ముసలి చౌకీదారు స్టూలు వేసుకుని, కట్టె పట్టుకుని కూర్చునే ఉంటాడు. పిల్లల బంతి లోపల పడితే ఇవ్వడు. అందరూ అతన్ని తిట్టుకునేవారు. మా ఇంటి పైవాటాలో ఉండే ముసలమ్మ ఒకసారి చెప్పింది, సాబ్ పోయేటప్పుడు "నేను వచ్చేదాంక ఎవ్వర్ని రానియ్యకు" అన్నాడట. ఆ సాబ్ ఎప్పుడో చనిపోయాడు. చెప్పినా ఇతను నమ్మలేదట.

సాయంత్రం ఆయనకు చెప్పాను. ఒక ఊరికి ఒకటే బావి. దానికి కాపలా ఒక రాక్షసుడు. రాజు యుద్ధానికి పోతూ కాపలా పెట్టాడు, తిరిగి రాలేదు. వాడు మాత్రం ఎవరినీ నీళ్లు ముట్టనివ్వడు. నవ్వడు. బంగారం అడగడు. ఆయన అన్నం తింటున్నంతసేపూ విన్నాడు. చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి, ఎంగిలి చేత్తోనే ఒకటి రెండు ప్రశ్నలు వేశాడు. ఆ రాత్రి నాకు చాలాసేపటి దాకా నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

ఆదివారం ఆ రాక్షసుడు బావి గట్టున ఈటె పట్టుకుని నిలబడ్డాడు. డ్రాఫ్ట్స్‌మన్ కత్తి దూశాడు. సంచిలోంచి బిళ్ల తీస్తే చిన్న అంకె వచ్చింది, దెబ్బతిన్నాడు. "హుకుం ఏది?" అని అడిగాడు రాక్షసుడు. అది తప్ప ఇంకో మాట లేదు. మళ్లీ కత్తి ఎత్తబోతుంటే భాయ్ ఆపాడు.

"ఆగున్రి. వీడు దొంగ గాడు. డ్యూటీల ఉన్నడు. వీనికి రిలీవర్ రాలే."

నేను అంత దూరం ఆలోచించలేదు. వాళ్లంతా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు. తర్వాతి మనిషి రాకపోతే మిషను వదిలి కదలకూడదని వాళ్లకు బాగా తెలుసు. భాయ్ తన మంత్రగాణ్ని రాక్షసుడి ముందుకు నడిపించాడు. "నేను నీ రిలీవర్ని. ఈటె ఇటియ్యి. నువ్వింక ఇంటికి పో."

మా ఆయన మెల్లగా అన్నాడు. "వాడు ఈటె ఇచ్చిండు. కింద కూసున్నడు. ఇంటికి తొవ్వ ఎటు అని అడుగుతున్నడు."

ఆ చివరి మాట నేను చెప్పింది కాదు. ఆయన అప్పటికప్పుడు అన్నది. మిర్చీల పొట్లం మీదికి పోయిన క్లర్కు చెయ్యి అక్కడే ఆగిపోయింది. గోడ ఇవతల నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

అప్పటినుంచి వారానికో రాక్షసుణ్ని చేయడం నా పనైంది. నల్లా దగ్గర, రేషన్ షాపు వరసలో, గిర్నీ ముందు పిండి కోసం నిలబడ్డప్పుడు మనుషుల్ని చూసేదాన్ని. ఈమె ఎందుకంత గట్టిగా అరుస్తోంది, ఈయన ఎందుకు ఎవరి మొహమూ చూడడు అని. మా పెదనాన్న ఒక పెళ్లిలో తనను రెండో పంక్తిలో కూర్చోబెట్టారని మా ఇంటి గడప మళ్లీ తొక్కలేదు. ఆయన్ను తీసుకుని ఒకే ఒక్క ఊరి పంటలు తగలబెట్టే రాక్షసుణ్ని చేశాను. ఆ ఊరివాళ్లు విందుకు పిలిచి, చివరి వరసలో ఆకు వేశారు. అంతే వాడి బాధ. తప్పైందని ఒక్క మాట అంటే చాలు. డ్రాఫ్ట్స్‌మన్ అననన్నాడు.

"రాక్షసునికి నేను మాఫీ చెప్పాల్నా? సస్తె చెప్ప."

చెప్పలేదు. ఆటలో నిజంగానే చచ్చాడు. ఇంకో వేషం అనుకోకుండా రెండు వారాలు అలిగాడు.

మా ఆయన ఇప్పుడు సైకిల్ లోపల పెడుతూనే అడిగేవాడు, "అయ్యిందా? ఏం గావాలె వానికి?" నేను చెప్పేదాన్ని. అట్లా కుదరదనేవాడు, ఇట్లా మారుద్దామనేవాడు. ఒక్కోరోజు అన్నం చల్లారేదాకా మాట్లాడుకునేవాళ్లం. రాక్షసుడి సంగతి తేలగానే ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైపోయేది. మా ఇంట్లో మేం మాట్లాడుకున్నదంతా లేనివాళ్ల గురించే. అందులో నా గురించి ఒక్క మాట ఉండేది కాదు, ఆయన గురించీ ఉండేది కాదు. పొద్దున ఆయన పోయాక గదిలో కూర్చుంటే గోడ గడియారం చప్పుడు వినపడేది. రాక్షసుడిని చేయడానికి కూర్చున్నప్పుడు మాత్రం అది వినపడేది కాదు.

అవి నేను చేసినవని స్నేహితులకు ఆయన చెప్పలేదు. భాయ్ కనిపెట్టాడు. గ్లాసులు తీసుకుంటుంటే మెల్లగా అడిగాడు, "భాభీ, గీ దెయ్యాలు నీయే గదా? మా దోస్తు ఒంట్ల గిన్ని దెయ్యాలు లెవ్వు." నేను లోపలికి పోయాను. కానీ ఆ మాటతో ఆ రోజంతా గడిచింది.

వానలు మొదలైన నెలలో ఒక రాక్షసిని అనుకున్నాను.

"ఈసారి ఏంది?" అన్నాడాయన.

"ఆడది. అడివిల ఒక్కతే ఇల్లు గట్టుకొని ఉంటది. తొవ్వల పోయేటోళ్లను పిలిచి అన్నం పెడ్తది. తిన్నంక తలుపు కనవడదు."

"ఏం గావాలె దానికి?"

"ఇప్పుడు చెప్ప. ఆమె మాటలు నేనే మాట్లాడ్త."

ఆయన నా వైపు చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

ఆ ఆదివారం నేను గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. గదిలోకి పోలేదు, వంటింట్లోనూ లేను. ఆయన అడవిని చెప్పాడు, వానను చెప్పాడు, దూరంగా దీపాన్ని చెప్పాడు. ముగ్గురూ ఆ ఇంట్లోకి వచ్చి అన్నం తిన్నారు. ఇక మిగిలింది నేను చెప్పాలి. "తలుపు లేదు," అన్నాను.

డ్రాఫ్ట్స్‌మన్ కత్తి తీశాడు. "ఆమె కొట్లాడదు. ఇంకింత అన్నం పెడ్తున్నది," అన్నాను. బంగారమిస్తానన్నాడు. వద్దన్నాను. క్లర్కు కిటికీలు వెతికాడు. కిటికీలు కూడా లేవన్నాను. చివరికి భాయ్ చేతులు కట్టుకుని, "అమ్మా, నీకేం గావాల్నో నువ్వే చెప్పు," అన్నాడు.

"ఇయ్యాల ఏమైందో చెప్పు. పొద్దుగాల లేచిన కాన్నుంచి. అబద్ధం చెప్పొద్దు."

"ఆటల మనిషిదా, నాదా?"

"నీదే."

భాయ్ నవ్వబోయి మానేశాడు. "పొద్దుగాల లేచిన. అమ్మికి కండ్లు ఇంకింత మసకైనయ్. చాయ్ అనుకొని నూనె గిన్నె పొయ్యి మీద పెట్టింది. నేను గట్టిగ మాట్లాడిన. తర్వాత బజారుకు పోయిన, పాన్ కొనుక్కొచ్చి ఇచ్చిన. ఆమె తీస్కోలే." "గంతే భాభీ," అన్నాడు.

"నీకు తలుపు కనవడ్తున్నది," అన్నాను.

క్లర్కు చెప్పాడు, తన పెళ్లి సంబంధం తప్పిపోయిందని, పొద్దున్నే తెలిసిందని. ఆ సంగతి మిగతావాళ్లెవరికీ తెలీదు. డ్రాఫ్ట్స్‌మన్, ఇంకో ఊళ్లో ఉద్యోగానికి అర్జీ పెట్టానని, ఎవరికీ ఎట్లా చెప్పాలో తెలీక తిరుగుతున్నానని అన్నాడు. ముగ్గురికీ తలుపు కనపడింది.

అప్పుడు భాయ్ మా ఆయన వైపు తిరిగాడు. "ఇగ నువ్వు చెప్పు. నువ్వు గూడ గా ఇంట్లనే ఉన్నవు గదా."

"నేను ఆడిపిచ్చేటోన్ని," అన్నాడాయన.

"అయితే ఏంది? చెప్పు భాయ్."

బయట వాన పడుతోంది. నేను ఆయన మొహం చూడలేదు, నేల చూశాను. ఆయన పుస్తకం మూసి, బిళ్లలు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేశాడు. "వాన పెద్దగైతున్నది. మీరు పోవాలె గదా," అన్నాడు. వాళ్లు లేచారు. భాయ్ చెప్పులు వేసుకుంటూ నా వైపు ఒకసారి చూసి, వానలోకి దిగాడు.

ఆ సాయంత్రం ఆయన కోపంగా లేడు. కోపమొస్తే బాగుండునని నాకనిపించింది. అన్నం తిన్నాడు, కంచం తనే కడిగాడు, రేడియో పెట్టుకోలేదు.

మర్నాడు సైకిల్ లోపల పెట్టి, కాళ్లు కడుక్కోకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. "ఇయ్యాల క్యాంటీన్ల పప్పు మాడింది," అన్నాడు. అని లోపలికి పోయాడు. మంగళవారం, "మా సెక్షన్ల ఫ్యాన్ కాలిపోయింది," అన్నాడు. ఆ తర్వాత రోజూ ఒక మాట, గేటు దగ్గర హాజరు చెప్పినట్టు నిలబడి చెప్పి పోయేవాడు. నేను వినేదాన్ని. తర్వాత ఏమైందని అడిగితే ఆయన దగ్గర ఇంకో మాట ఉండేది కాదు. దసరా దాకా అట్లా సాగింది. సెకండ్ షిఫ్టు పడి అర్ధరాత్రి రావడం మొదలయ్యాక అదీ ఆగిపోయింది.

డ్రాఫ్ట్స్‌మన్‌కు ఆ ఉద్యోగం వచ్చింది. పెట్టె, పుస్తకం, మిగిలిన పాచికలు అతనితోపాటే పోయాయి. ఆట లేకపోతే క్లర్కు ఎందుకొస్తాడు, రావడం మానేశాడు. భాయ్ మాత్రం దారిలో కనపడితే "భాభీ, కొత్త దెయ్యం ఏమన్న ఉన్నదా?" అనేవాడు. ఉన్నాయి. మస్తుగా ఉన్నాయి. ఆడేవాళ్లే లేరు. ఆదివారాలు ఇంతకుముందు కంటే పొడుగైపోయాయి. ఆయన పడుకునేవాడు. నేను గుమ్మంలో కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం నేనే చాప పరిచాను. "మనిద్దరం ఆడుకుందమా?"

"ఇద్దరితోని ఏం ఆట?"

"మీరు చెప్పున్రి. నేను నడుస్త."

ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి ఆ గొంతు వచ్చింది. ఒక దారి గురించి చెప్పాడు. దుమ్ము, రెండు పక్కలా తుమ్మచెట్లు, కూలిన వంతెన. నాకోసం ఒక్కదానికోసమే చెబుతున్నాడు. నేను నడిచాను. చాలా దూరం నడిచాక ఒక ఊరొచ్చింది.

"ఎవరన్న ఉన్నరా?"

"ఇండ్లున్నయ్. తలుపులు ఏసున్నయ్."

"ఒక తలుపు కొడ్తున్న."

ఆయన కళ్లు తెరిచాడు. నుదురు ముడిపడింది. నిజంగానే ఆలోచిస్తున్నాడు, వెతుకుతున్నాడు. "లోపల ఎవరుంటరో నాకు రాదు," అన్నాడు చివరికి. "గది నీకే వస్తది."

చెప్పమని బలవంతం చేయలేదు. కాసేపు ఇద్దరం చాప మీదే కూర్చున్నాం. తర్వాత ఆయన సైకిల్ చెయిన్‌కు నూనె వేయడానికి లేచాడు. మేం మళ్లీ ఆడలేదు.

ఆ చలికాలంలో ఒక ఆదివారం అమ్మ చెప్పిన మాట పక్కన పెట్టి మలక్‌పేట పోయాను. ఆ రోజు గుర్రాల రేసులు, రోడ్డంతా జనం. ఇంట్లో అక్క పిల్లలు, తమ్ముడి స్నేహితులు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను మంచం అంచున కూర్చున్నాను. అమ్మ రెండు మూడుసార్లు నా వైపు చూసి అంది, "ఏందే, నోట్లె నీళ్లు వోసుకున్నట్టు కూసున్నవు? ఏమన్న లొల్లి అయిందా?"

"ఏం కాలే," అన్నాను. ఇంకేదైనా చెప్పాలనుకున్నాను. వాళ్లు అంత త్వరగా మాట్లాడుతుంటే మధ్యలో ఎక్కడ మాట పెట్టాలో నాకు అందలేదు. ఒకప్పుడు ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా అరిచేది నేనే. అమ్మ పచ్చడి డబ్బా కట్టి ఇచ్చింది. పొద్దుండగానే బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి ఆయన స్టవ్ వెలిగించి చాయ్ పెడుతున్నాడు. అంతకుముందు ఎప్పుడూ పెట్టలేదు. నన్ను చూసి ఇంకో గ్లాసు తీశాడు. ఇద్దరం గడప దగ్గర కూర్చుని తాగాం. గల్లీలో పిల్లలు ఆడుకుంటున్నారు. చక్కెర బాగా ఎక్కువైంది. నేను చెప్పలేదు, గ్లాసు ఖాళీ చేసి పక్కన పెట్టాను.